మేడమీద గదికి ఒక డీజిలింజను

ఇంజను కొనడం ఇంత కష్టమని తెలిస్తే నేను పట్టాలు వేసేవాణ్ణే కాదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో నాకున్న కొట్టు తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాక, మేడమీద గదిలో పెద్ద ప్లైవుడ్ బల్ల వేయించి దాని మీద బుల్లి రైలు పట్టాలు పరిచాను. అట్టతో స్టేషను కట్టాను. థర్మోకోల్ కొండకి సొరంగం తవ్వాను. రైలుకట్ట పక్కన చెరుకుతోట ఉండాల్సిందే కాబట్టి చీపురుపుల్లలు కత్తిరించి ఆకుపచ్చ రంగు పూసి వరసగా గుచ్చాను. కొత్త చీపురు ఏమైపోయిందని మా ఆవిడ కొన్నాళ్లు ఇల్లంతా వెతికి, చివరికి మేడెక్కి చూసి ఏమీ అనకుండా దిగిపోయింది. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఇక మిగిలింది ఇంజను. అది చప్పుడు చేసే డీజిలింజనే కావాలి. అరచేతిలో పట్టేంత ఇంజనులోనే చిన్న చిప్పు, గోరంత స్పీకరు బిగించి అమ్ముతున్నారు ఇప్పుడు. స్టార్టవడం, ఆగి ఉన్నప్పుడు గుడగుడలాడడం, బరువు లాగేటప్పుడు గొంతు పెంచడం, హారను, బ్రేకు, అన్నీ దాన్లోంచే వస్తాయి.

నా తొందర వేరు. నా చెవులు పోతున్నాయి. ఎడమది ఎప్పుడో పనికిరాకుండా పోయింది, కుడిది కూడా మెల్లగా అదే దారిలో ఉందని విశాఖలో చెవి డాక్టరు చెప్పేశాడు. మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు అందుతాయట. మిగతా చప్పుళ్లు మాత్రం ఇప్పుడు విన్నట్టు ఉండవట. ఆ మాట విని బయటికొచ్చి బస్సెక్కాక నాకు గుర్తొచ్చింది చిన్నప్పటి రైలు. చెవి ఉండగానే ఆ రైలు చప్పుడు ఇంకొక్కసారి వినాలి అనుకున్నాను. ఇంతకుమించి కోరికేమీ లేదు.

మా చెరుకుతోట రైలుకట్టని ఆనుకునే ఉండేది. గానుగ ఆడే రోజుల్లో మాత్రమే నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్లేవాడు. ఒకపక్క చెరుకు ఆడుతుంటే ఇంకోపక్క పొయ్యి మీద పెనంలో రసం కాగుతూ ఉండేది. నేను పిప్పి కుప్ప మీద కూర్చుని వేడివేడి పాకం ఆకులో వేసుకుని నాకుతుంటే, నాన్న వచ్చి భుజం మీద తట్టి కట్టవైపు చెయ్యి చూపించేవాడు. తలెత్తేసరికి డీజిలింజను వచ్చేసి ఉండేది. డుగ్ డుగ్ డుగ్ అని వరసగా కొట్టి, మధ్యలో ఒక దెబ్బ మింగి, మళ్లీ అందుకునేది. ఆ మింగిన దెబ్బ దగ్గర నా గుండె కూడా ఒక్క క్షణం ఆగేది. అంత ఇష్టం నాకా చప్పుడంటే.

అలాంటిదే పంపమని బొమ్మ రైళ్లమ్మే కొట్టువాడికి ఫోను చేస్తే, అతను ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టాడు. పాతరకం డీజిలా, ఆ తర్వాత వచ్చినదా? సౌండు ముందే బిగించినదా, తర్వాత మీరే బిగించుకుంటారా? మీ దగ్గరున్న కంట్రోలరు ఏది? నా దగ్గరున్నది వేగం పెంచడానికీ తగ్గించడానికీ తప్ప ఎందుకూ పనికిరాదట, సౌండు ఇంజనుకి వేరేది కావాలట. మార్కెట్లో బెల్లం దిమ్మ మూల విరిచి నాలుక మీద వేసుకుంటే అది ఏ ఊరి గానుగదో చెప్పేసేవాణ్ణి. ఇక్కడ నాలుకతో పని లేదు, ఉన్న చెవి అరకొర. అన్నిటికీ "ఆఁ" అని పెట్టేశాను.

అతను వీడియోలు పంపడం మొదలుపెట్టాడు. ఫోను కుడిచెవికి ఆనించుకుని వినడమే నా ఉద్యోగమైపోయింది. ఒకటి మరీ నున్నగా ఒకే హోరు. ఇంకొకటి దగ్గుతున్నట్టుంది. మూడోది పరవాలేదనుకుంటే హారను మనది కాదు, ఎవరో పెళ్లిలో సన్నాయి సరిచూసుకుంటున్నట్టుంది. మన పాత డీజిళ్ల పుట్టుక అమెరికాదేనట, అందుకని అక్కడి బొమ్మలో ఇంజను చప్పుడు దగ్గరగా ఉంటుంది కానీ హారను కుదరదు, పైగా దానికి గంట కూడా ఉంటుంది. ఆ గంట మోగినప్పుడల్లా మా ఆవిడ కింద నుంచి కేకేసేది.

"ఏటండీ, ఐసు బండోడు మన మేడెక్కేసినాడేటి?"

పొద్దున బాగుందనుకున్నది సాయంత్రానికి బాగుండేది కాదు. వద్దనుకున్నది మర్నాడు ఇదేనేమో అనిపించేది. ఇంజనులో తేడానా, నా చెవిలో తేడానా అన్నది తేలేది కాదు. ఒకవేళ అసలు చప్పుడే ఎదురుగా వచ్చినా నా చెవి దాన్ని పట్టుకోలేకపోతోందేమోనని బెంగ పట్టుకుంది. ఆ బెంగతో అన్నం కూడా సయించలేదు.

మా ఆవిడకి నా మీద జాలేసి వాళ్లన్నయ్యని పిలిపించింది. మా బావ రైల్వేలో డీజిలు బళ్లు నడిపి రిటైరై సబ్బవరంలో ఉంటాడు. ఇక చిక్కు తీరిందనుకున్నాను. బావ అన్ని వీడియోలూ ఓపిగ్గా విన్నాడు.

"ఏది బావా మనది?" అన్నాను.

"అన్నీ మనయ్యే."

"అలగంటే ఎలగ? ఒకటి సెప్పు."

"ఏటని సెప్తాను బావా? లోపల కూకున్నోడికి ఒకలాగుంటాది, కట్టకింద నిలబడ్డోడికి ఒకలాగుంటాది. ఎండలో ఒకలాగ, వానలో ఒకలాగ. నువ్వు ఇన్నది ఎలగుండీదో నోటితో సెయ్యి, సూద్దాం."

నేను సిగ్గు విడిచి డుగ్ డుగ్ డుగ్ అని, దెబ్బ మింగి, మళ్లీ డుగ్ అన్నాను. తలుపు దగ్గర మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బావ మాత్రం నవ్వలేదు, నుదురు ముడివేశాడు.

"రైలింజను అలగ కొట్టదు బావా. అలగ దెబ్బ మింగితే దాన్ని షెడ్డుకి పంపీసీవోళ్లం."

నాకు ఒళ్లు మండిపోయింది. నా చిన్నతనం నువ్వు చూశావా అని అరిచాను కూడా. పాపం, బావ అలిగి వెళ్లిపోలేదు. ఆ వారమంతా మా ఇంట్లోనే ఉండి, నేను మాట్లాడకపోయినా నాతోపాటే టీ తాగాడు.

ఏటా మునగపాకలో మా చుట్టాల గానుగ దగ్గరికి వెళ్లి ఇంటికి కొత్త బెల్లం తెచ్చుకోవడం మాకు అలవాటు. ఆ వారమే బావ బండి మీద ఇద్దరం వెళ్లాం. ఇప్పుడు గానుగలన్నీ కరెంటు మోటార్లతోనే ఆడుతున్నాయి. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. పెనంలో రసం సగం కాగి ఉంది, చెరుకు బయట పడి ఉంది. ఆగితే పాడైపోతుందని చుట్టాలు మూలనున్న పాత ఆయిలింజనుకి బెల్టు తగిలించి చక్రం తిప్పారు.

డుగ్ డుగ్ డుగ్. ఒక దెబ్బ మింగింది. మళ్లీ డుగ్.

నేను ఎక్కడున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ముందు ఇది రైలులా ఉందే అనుకున్నాను. రైలు ఇక్కడికెలా వచ్చిందని అటూ ఇటూ చూశాను కూడా. అంత అయోమయం. నా చుట్టూ ఒక్కరూ నోరు విప్పడం లేదు. గానుగ దగ్గర మాటలు పనికిరావు, అంతా చేతులతోనే. చెరుకు పెడుతున్న మనిషి అరచెయ్యి కిందికి తిప్పి చూపిస్తే, పొయ్యి దగ్గరున్న మనిషి పిప్పి వేయడం తగ్గించాడు.

ఇంతలో నా భుజం మీద ఎవరో తట్టారు. వెనక్కి తిరిగితే బావ. పిలిచి పిలిచి నోరు నొప్పెట్టినట్టుంది, బెల్లం తూకానికి రమ్మని చెయ్యి చూపించాడు.

అప్పుడు తెలిసింది. ఈ చప్పుడులో రైలు వినబడదు. పక్కనున్న మనిషి కేకే వినబడలేదు నాకు. అందుకే కదా, రైలు వచ్చినప్పుడల్లా నాన్న భుజం తట్టి చూపించింది! నేను రైలుని చూశాను, అంతే. విన్నది మా గానుగని, దాన్ని ఆడించే ఇలాంటి ఆయిలింజనునే. నా చిన్నప్పటి రైలు నా ముందు నుంచి ఎప్పుడూ చప్పుడు లేకుండానే వెళ్లింది.

నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. బావ గాభరాపడి నన్ను దూరంగా తీసుకెళ్లి నీళ్లు తాగించాడు. విషయం చెబితే తల గోక్కున్నాడు.

"అయితే ఇప్పుడు ఏ ఇంజను కొంటావ్?"

మర్నాడు కొట్టువాడికి ఫోను చేసి, మీకు ఏది బాగుంటే అది పంపండన్నాను. ఇప్పుడు తికమకపడడం అతని వంతైంది. నిజంగానా సార్, నిజంగానా అని అడుగుతూనే ఉన్నాడు.

ఇంజను వచ్చింది. కంట్రోలరు కూడా మార్చాం. బావా, మా ఆవిడా బల్ల దగ్గర కూర్చుని దాని హారను గురించి వాదించుకుంటున్నారు. నేను ఎడమచెవి వాళ్లవైపు పెట్టి నిలబడి, చీపురుపుల్లల తోట పక్క నుంచి అది వెళుతుంటే చూస్తాను. సరిగ్గా అప్పట్లాగే వెళుతుంది.

భయం పోయిందని చెప్పను. చెవి పోతే నాకు పోయేది రైలు కాదు, నాన్న గానుగ. అది మాత్రం తెలిసింది. అందుకని ఈ సీజను ఉన్నన్నాళ్లూ వీలైనప్పుడల్లా మునగపాక వెళ్లొస్తున్నాను. నేను వెళితే చుట్టాలు కాసేపు కరెంటు మోటారు ఆపి ఆయిలింజను వేస్తారు. కుడిచెవి దానివైపు తిప్పుకుని కూర్చుంటాను.

"అంత సరదాపడి కొన్నారు, మరి రైలో?" అంది మా ఆవిడ నిన్న, నేను చెప్పులు వేసుకుంటుంటే.

"రైలొత్తే నువ్వు నా భుజం తట్టు" అన్నాను.