చవుడుకు నోచుకోని మిద్దె

మా చిన్నప్పుడు... రోహిణి ఎండలు మాడ్చేస్తుంటే మా జేజి, అంటే నాయనమ్మ, మిద్దె మీద నిలబడి వీధంతా వినబడేలా కేకేసేది. "యాడ సచ్చినారే పిల్లలంతా? తొక్కను రాండి!"

తొక్కడం అంటే చవుడు తొక్కడం. మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మట్టిమిద్దెలకు ఏటా వానలకు ముందు పైన చవుడు పరచాలి. చవుడంటే వంకగట్టున దొరికే తెల్లటి ఉప్పుమట్టి... తడిస్తే జిగురుగా పట్టుకుని చుక్క నీరు కిందికి దిగనివ్వదు. ఏడాది తిరిగేసరికి ఎండకు పగిలి, గాలికి లేచిపోయి పల్చబడుతుంది. అందుకే మళ్లీ వేయాల్సిందే.

ఎవరి మిద్దెకు వాళ్లు వేసుకునే పని కాదది. ఈరోజు మా ఇంటికి ఊరంతా వస్తే, రేపు మేమంతా పక్కింటికి పోవాలి. మగవాళ్లు బండ్లతో మట్టి తోలేవాళ్లు. ఆడవాళ్లు నిచ్చెన మీదుగా గంపలు అందించేవాళ్లు. పిల్లలం తొక్కేవాళ్లం. జేజి ఊరుకునేదా... "నడిమధ్యన ఎగిరితే ఏమొస్తాది మే? అంచులెంబడి తొక్కు, నీళ్లు దిగేది ఆణ్ణే" అని ఒకటే అరుపులు. పని అయ్యాక అందరికీ తన చేత్తో జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టేది.

మా మిద్దె ఎప్పటిదో ఎవరికీ తెలియదు. నవాబుల కంటే ముందుదని జేజినాయన, అంటే మా తాత, అనేవాడు. పడసాలలో మనిషి కౌగిలికి అందనంత లావు టేకు స్తంభాలు, ఒక్కోటి ఒక్కో రాతిదిమ్మె మీద. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్నకొయ్యలు. ఎక్కడా ఒక్క మేకు లేదు... కొయ్యలో కొయ్య దిగ్గొట్టిందే. కప్పు బరువంతా ఆ కొయ్యే మోస్తుంది, గోడలు ఊరికే చుట్టూ నిలబడినవి. ఒక వానాకాలం వెనకగోడ కూలిపోతే, జేజినాయన అదే కప్పు కింద మంచం వేసుకుని నింపాదిగా బీడీ కాల్చాడు. "కొయ్య ఉండాది లేప్పా, గోడదేముండాది" అన్నాడు.

అలాంటి మిద్దెను కొన్నేళ్ల కిందట సర్కారు వాళ్లు వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, రక్షిత కట్టడం అన్నారు. అబ్బో, మా ఇంట్లో పండగే! అప్పటికి అక్కడ కాపురం ఉంటున్నది మా పెదనాయన కొడుకు ఓబులన్న. బోర్డు తెచ్చి, పడసాల స్తంభానికే మేకులు కొట్టి బిగించారు. మేకు ఎరగని స్తంభానికి! ఓబులన్న కర్నూలుకు పంపిన ఫోటోలో అది చూసినప్పుడే నాకు కడుపు మండిపోయింది. మావాడు మాత్రం దాని పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నాడు.

పైగా ఒక ఘనకార్యం చేశాడు. బోర్డు పెట్టినవాళ్లే ఇక చవుడు కూడా వేస్తారనుకున్నాడు. "ఇంగ మనకా తిప్పల్లేవు, అంతా ఆళ్లే సూస్కుంటారు" అని ఊరంతా చెప్పుకుని, ఆ ఏడు ఎవరి మిద్దె మీదికీ ఎక్కలేదు. పిలిచినా పోలేదు.

సర్కారు ఆఫీసు వాళ్లు వేశారా? వేయలేదు. మేమే వేసుకుంటామంటే వద్దన్నారు. రక్షిత కట్టడాన్ని ముట్టుకోకూడదట... పైనుంచి అనుమతి రావాలట. ఆ పై ఎక్కడుందో! వానలు వచ్చాయి, పోయాయి, అనుమతి రాలేదు. మళ్లీ వానలు వచ్చాయి. దంతెలు నానాయి, చెదలు పట్టాయి. మా వదిన ఇల్లంతా గిన్నెలు పెట్టుకుని కూర్చుంది. కాపాడటం అంటే ఇదా? పసిబిడ్డకు పాలు పట్టొద్దని చెప్పి ఉయ్యాలకు బోర్డు తగిలించినట్టుంది!

ఈ ఏడు రోహిణిలో నేను కర్నూలు నుంచి పోయాను. అనుమతి లేదు గినుమతి లేదు, వేద్దాం పదండి అన్నాను. ఓబులన్న ట్రాక్టరుతో చవుడు తోలించాడు. సాయం రమ్మని ఇల్లిల్లూ తిరిగాం. ఎదురింటి సుంకన్న మామ అరుగు మీద నుంచి లేవలేదు.

"మా మిద్దెకు ఏసేటప్పుడు నువ్వు యాడుంటివి ఓబులేసూ?"

ఓబులన్న తల వంచుకున్నాడు. "తప్పాయ మామా. ఈ ఒక్కపారి రా."

"మీది సర్కారు మిద్దె గదప్పా. ముట్టుకుంటే కేసంట. మాకెందుకు ఆ తలనొప్పి?"

ఆయన మాటను కాదనలేను... అయినా కోపం ఆగలేదు. "మా జేజి చేతి రొట్టె తిన్నోళ్లే గదా మీరంతా!" అని వీధిలోనే అరిచేశాను. ఒక్కరూ రాలేదు.

నేను, వదిన, ఓబులన్న... ముగ్గురమే ఎక్కాం. ఈ మోకాళ్లతో నిచ్చెన ఎక్కి దిగి, పొద్దుగూకేసరికి పడసాల మీద మాత్రం కప్పగలిగాం. వంటింటి వైపు మిగిలిపోయింది. మర్నాడు మధ్యాహ్నమే వాన దంచింది. పడసాలలో చుక్క పడలేదు. వంటింటి దూలం మాత్రం పెళపెళమని విరిగి పొయ్యి మీద పడింది. వదిన అప్పుడే బయటికి వచ్చింది కాబట్టి బతికిపోయింది.

ఆ తర్వాత ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఇన్నేళ్లూ రానివాడు! విరిగిన దూలం వైపు చూడనైనా లేదు. నేరుగా పైకెక్కి, "ఎవరిని అడిగి మట్టి పోశారు?" అన్నాడు.

"వానను అడిగినాం సార్, మీరు పలకలేదని" అంది మా వదిన.

ఇంతకీ మేం చవుడు మోస్తుంటే కింద కుర్రాళ్లు వీడియో తీశారట. నిన్న తిరిగి తిరిగి నా ఫోనుకే వచ్చింది. మరుగున పడిన పల్లె పద్ధతి అని దానికి పేరు. కింద లైకులు, హార్టులు, ఆ రోజులే వేరు అని కామెంట్లు... ఒళ్లు మండిపోయింది. తీసినవాళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఫోను జేబులో పెట్టి గంప అందుకుని ఉంటే వదినకు వంటిల్లు దక్కేది.

అప్పట్లో ఒక ముసలామె కేకేస్తే ఊరంతా మిద్దె ఎక్కేది. ఇప్పుడు ఊరంతా కింద నిలబడి చూస్తోంది. మీ ఊర్లో ఇంకా మట్టిమిద్దె ఏదన్నా నిలబడి ఉందా? ఉంటే జ్ఞాపకాలు తర్వాత రాద్దురుగాని... ముందు పోయి దాని మీద చవుడు పోసి రండి.