సభను కంటతడి పెట్టించిన నా సంచులు

నలభై ఎనిమిదో ఏట నాకు వ్యాపారం చేయాలని బుద్ధి పుట్టింది. చేతి సంచులు కుట్టడానికి విమానమంత చప్పుడు చేసే మోటారు మిషను, మేకుల్లాంటి పద్దెనిమిదో నంబరు సూదులు కొన్నాను. గుడ్డ మాత్రం కొనలేదు. పర్చూరు పక్కన, మిర్చి రైతు ఇంట్లో గోనెలకు కరువా?

"ఉతికి కుట్టవే," అన్నారు మా ఆయన.

"ఉతికితే బిగువు పోతుందండీ, దులిపితే చాల్లెండి," అన్నాను. ఘాటు తెలియకుండా మా ముక్కులు ఏనాడో కాయలు కాచిపోయాయి.

మొదటి ఆర్డరు మా పాస్టరమ్మగారిది. స్త్రీల సభకి అరవై బైబిలు సంచులు. ఇవి నచ్చితే చుట్టుపక్కల సంఘాలన్నీ నావేనని కలలు కంటూ వెనక బెంచీలో కూర్చున్నాను.

ప్రసంగం మొదలవగానే అరవై మందీ ఒక్కసారి సంచుల్లోంచి బైబిళ్లు తీశారు. పైన ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ముందు ఒక తుమ్ము, వెనకే ఫిరంగుల మోత, ఆపైన ఒకటే కన్నీళ్లు. వాళ్లు ఘాటుకి ఏడిస్తే నేను సిగ్గుతో ఏడ్చాను.

సభ అయ్యాక, విజయవాడ నుంచి వచ్చిన ప్రసంగీకురాలు నా చేతులు పట్టుకుని, "ఇంతగా కరిగిపోయిన సభను నేనెక్కడా చూడలేదమ్మా!" అన్నారు, తనూ కళ్లు తుడుచుకుంటూ.

పాస్టరమ్మగారు నన్ను పక్కకి లాగి, ముక్కు చీదుకుంటూ అన్నారు: "ఆవిడకి నిజం చెప్పకండి అక్కా. సంచులు మాత్రం పట్టుకెళ్లి ఉతికి తీసుకురండి."

అరవై సంచులూ మూడేసి నీళ్లలో ఉతికి ఇచ్చాను. ఇప్పటికీ ఏ సభలో ఎవరు కళ్లొత్తుకున్నా, నా చూపు ముందు వాళ్ల సంచి మీదికే పోతుంది.