రబ్బరు కప్ప

ఆ రిటైరైన బస్సు డ్రైవరు ప్రతి ఆదివారం పొద్దున్నే రిజర్వాయరు గట్టు మీద కూర్చుని పాత టిఫిన్ డబ్బా తెరుస్తాడు. అందులో ఉండేవన్నీ చేపల గాలానికి తగిలించే బొమ్మ ఎరలే. నీళ్లు తేటగా ఉంటే తళతళలాడే రేకు చేప, బురదగా ఉంటే నల్లది, నాచు కమ్ముకుంటే రబ్బరు కప్ప. ఎర ఎంచుకోవడంలో ఆయనకు తిరుగులేదు. చిక్కంతా చేతులతోనే. ఏళ్ల తరబడి ఎవరడ్డొచ్చినా తటాలున బ్రేకు తొక్కిన మనిషి కదా, నీళ్లలో చప్పుడైతే చాలు, చేప కప్పను సరిగ్గా నోట కరుచుకునేలోపే గాలపు కర్ర లాగేస్తాడు. "చేప బరువు చేతికి తగలనివ్వండి మహానుభావా! డ్రైవరు లేకుండా బస్సేం కదలదు," అంటుంది పక్కనే కూర్చున్న భార్య.

ఆ రోజు కప్ప నాచు మీద రెండు గెంతులు గెంతి ఆగింది. దాని కింద నాచు మెల్లగా ఉబ్బింది. ఛళ్లున నీళ్లు ఎగిశాయి. ఆయన లాగలేదు. పళ్లు బిగించి కూర్చున్నాడు. దారం బిగుసుకుంటోంది. చూద్దామని భార్య గట్టు మీంచి కింది రాయి మీదికి దిగింది. పాకుడు మీద కాలు జారింది. కర్ర ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలీదు. ఆమె నడుము దాకా నీళ్లలో మునిగేసరికి ఆమె మణికట్టు ఆయన గుప్పిట్లో ఉంది.

"అయ్యో, ఇవాళ సరిగ్గా ఆగారు కదండీ! అదిగో, కర్ర పోతోంది!" అని గట్టెక్కగానే ఆమె గోల పెట్టింది. ఆయన అటు చూడనేలేదు. "సర్లెండి, ఇక చెయ్యి వదలండి," అంది కాసేపటికి మెల్లగా. ఆయన వేళ్లు విడివడలేదు.