చోడవరం కాపీ

మా డ్రిల్లు మాస్టారు చోడవరం చలి తప్ప వేరే చలి ఎరగరు. అయినా డెబ్బైల మొదట్లో ధ్రువయాత్ర మీద కథ రాసేరు. అందులో ఒకడు మంచులో పడిపోయిన స్నేహితుణ్ణి వదిలేసి బతికొస్తాడు. ఇంటికొచ్చాక ఎన్ని దుప్పట్లు కప్పినా వాడికి చలి తగ్గదు. కథ రాసినన్నాళ్లూ మాస్టారు సోడా కొట్లో ఊకలో దాచిన ఐసు దిమ్మ మీద వేళ్లు తిమ్మిరెక్కేదాకా చెయ్యుంచి, "ఇంకా సాల్దు" అనేవారు.

వారపత్రికలో కథ పడింది. ఎడిటరు చివర ఒక పేరా కలిపేడు: స్నేహితుడు అప్పటికే చచ్చిపోయాడట, వీడి తప్పేం లేదట.

మాస్టారు తిన్నగా లైబ్రరీకొచ్చి, అక్కడికొచ్చే పత్రిక కాపీలో ఆ పేజీ తెరిచేరు. అక్కడ గుమస్తాని నేను.

"పెన్నియ్యి బాబూ."

"పత్రికల మీద రాయకూడదు మాస్టారూ. బోర్డుంది." ఆ బోర్డు నా ఏకైక రచన.

"నీ బోర్డు ఇంకోడు దిద్దితే ఊరుకుంటావేటి? నా వోడు తప్పు సేసేడు. ఆడికి మిగిలింది ఆ తప్పొక్కటే. అదీ లాక్కుంటారేటి?"

బోర్డు రాసిన చేత్తోనే పెన్నిచ్చేను. మాస్టారు ఆ పేరాని అడ్డంగా కొట్టేసేరు.

పత్రిక వెళ్లిన ఊళ్లన్నింటా వాడు నిర్దోషి. చోడవరం కాపీలో మాత్రం వాడికి చలి తగ్గలేదు.