జీవరాజు గారి జీపుకి రంగు

జీవరాజు గారికి ఏ రంగూ నచ్చదు. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదుటి ఒడ్డున ఉన్న హోప్ టౌన్‌లో ఎవర్నడిగినా ఆయన గురించి ముందు చెప్పే మాట ఇదే. తిండి దగ్గర పేచీ లేదు, బట్ట దగ్గర పేచీ లేదు. చాతం రంపపు మిల్లులో లారీ తోలినన్నాళ్ళూ ఎవరితోనూ మాటపట్టింపు లేదు. రిటైరయ్యాక ఏదో సర్కారీ ఆఫీసు వేలం వేస్తే ఒక పాత ఆకుపచ్చ జీపు కొన్నారు. అంతే, అప్పట్నుంచీ లోకంలో ఉన్న రంగులన్నిటితోనూ తగువు పెట్టుకున్నారు.

ఆ తగువులో నలిగిపోయినవాడు అప్పలకొండ. శ్రీకాకుళం తీరం నుంచి కొత్తగా వచ్చి, జెట్టీ పక్కన చేపల పడవలకి రంగులేసుకుంటున్నవాడు. జీపుకి రంగు వెయ్యమని జీవరాజు గారు పిలిస్తే నాలుగు రోజుల పని కదా అని ఒప్పుకున్నాడు. ఎండాకాలం వెళ్ళింది, వానలు వెళ్ళాయి, మళ్ళీ ఎండలొచ్చాయి. అప్పలకొండ ఇంకా ఆ జీపు చుట్టూనే తిరుగుతున్నాడు. పూత మీద పూత పడి జీపు కాస్త లావెక్కింది కూడా.

మొదట తెలుపు వేశాడు. కొంగలు వాలతాయేమోననిపించేంత తెల్లగా తేలింది జీపు. జీవరాజు గారు దాన్నెక్కి, కొండ వెనక బస్తీ దాకా వెళ్ళి, చావు ఇంటి నుంచి వచ్చినవాడిలా మొహం పెట్టుకుని వచ్చారు.

"గీకెయ్ కొండా."

"ఏటి బాబూ? రంగు బాగులేదేటి?"

"బాగానే ఉంది. అదే దాని జబ్బు. తెలుపు కొలత గొలుసు పట్టుకుని దిగుతుంది."

నీలం వేశాడు. బస్తీ దాకా వెళ్ళడం, మొహం వేలాడేసుకుని రావడం. "నీలం చేతిలో లాఠీ ఉంటుంది. గీకెయ్." బూడిదరంగు వేశాడు. "ఇది సంతకం పెట్టమంటుంది." అప్పలకొండకి ఉప్పుకాగితం పట్టుకుని గీకీ గీకీ వేలిముద్రలు అరిగిపోయాయి.

"బాబూ, నాను పడవలకి రంగేస్తే సేపలు కూడా తిరిగి సూస్తాయి. తవరికి నచ్చే రంగు దేవుడి కాడ కూడా లేదు!"

"ఉండే ఉంటుందిలే. వెతుకుదాం."

చర్చిలో కూడా ఇదే ముచ్చట. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు జ్ఞానయ్య గారు గుమ్మం దగ్గర ఆపి అడిగారు. "ఏమండీ జీవరాజు గారూ, నోవహుకి దేవుడు ఇంద్రధనుస్సులో ఏడు రంగులు చూపించాడు కదా. వాటిలో మీ జీపుకి ఒక్కటీ పనికిరాలేదా?"

"ఆ ఏడూ ఆఫీసర్లు తీసేసుకున్నారండీ అయ్యగారూ."

జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. ఆయన భార్య జ్ఞానవతి చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ అటు తిరిగిపోయింది. ఆవిడకి మొగుడి పిచ్చి చూసి సిగ్గేసింది కాబోలనుకున్నాడు అప్పలకొండ.

ఈసారి పట్టుబట్టి కాఫీ రంగు కలిపాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి మంచి ఎనామిల్ తెప్పించి, ప్రైమర్ కొట్టి, రెండు పూతలేసి, మొహం చూసుకునేలా మెరుగు తెచ్చాడు. "దీన్ని గీకమంటే మాత్రం నాను ఓడెక్కి మా ఊరెళిపోతాను. పదండి, నాను కూడా వస్తాను, ఆ బస్తీలో ఏటుందో సూస్తాను" అని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

కొండ వెనక బస్తీకి రోడ్డు లేదు. కలప లారీలు తొక్కిన బురద దారి ఒకటుంది. ఓట్లడిగేవాళ్ళకి ఆ బస్తీ బాగానే కనిపిస్తుంది, రోడ్లేసేవాళ్ళకి ఎందుకో ఆనదు. అడవి కొట్టించడానికీ కలప మోయించడానికీ ఓడల్లో తెచ్చిన జనం అక్కడ గుడిసెలేసుకున్నారు. నెత్తిన కలప ఉన్నంతసేపూ వాళ్ళు కూలీలు. కలప దించాక ఆక్రమణదారులు. పట్టా కాగితం ఒక్కటి కూడా లేనివాళ్ళ గుడిసెల్ని పడగొట్టడానికి మాత్రం సర్కారుకి ఒక్క కాగితం చాలింది.

మలుపు తిరగ్గానే అప్పలకొండ ఆ దృశ్యం చూశాడు. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు బిందెలు వదిలేశారు. ఆడుకుంటున్న పిల్లలు చంటివాళ్ళని చంకనేసుకుని పోకచెట్ల వెనక్కి దూకారు. రెప్పపాటులో బస్తీ ఖాళీ అయింది. ఒక పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల మీద పడుతోంది, దించే మనిషి లేదు. పరిగెత్తలేనిది ఒక్క ముసలమ్మ. కుళ్ళిన కాలు ఈడ్చుకుంటూ, అరుగు మీంచి జారి నులకమంచం కిందికి పాకుతోంది.

జీవరాజు గారు జీపు ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా దిగి, మంచం పక్కన చతికిలబడ్డారు. "గురమ్మా, నేనేనమ్మా. జీవరాజుని."

"తెలుసు బాబూ. నువ్వొక్కడివీ నడిసి రారాదా? దాన్నెందుకు తెస్తావు?"

"కాలు నల్లబడుతోందమ్మా. ఈ నెలలో చూపించకపోతే తీసేస్తారు. డోలీ మోద్దామంటే మగాళ్ళందరూ అడవిలో కలప కొట్టే కూపుల్లో ఉన్నారు. నా జీపే అమ్మా ఇది, ఆఫీసర్లది కాదు."

"మనసుకి తెలుసు నాయినా. కాళ్ళకి తెలీదు." మంచం కింద నుంచి గొంతు ఆగి ఆగి వచ్చింది. "నా కూతురు సీతాలు కాళ్ళకి మాత్రం తెలిసిందేటి? జీపు కొన్న కొత్తలో నువ్వు ఆసుపత్రికి తీసుకెల్దావనే వచ్చావు. అది దీన్ని సూసి, మళ్ళీ గుడిసె పడగొట్టడానికొచ్చారనుకుని, నిండు నెలల్తో అడివిలోకి పరిగెట్టింది. అక్కడే పడి సచ్చిపోనాది. నీ తప్పు కాదులే బాబూ."

అప్పలకొండ జీపు దిగలేకపోయాడు. అద్దంలా మెరుస్తున్న బానెట్‌లో తన మొహమే తనకి కనబడుతోంది. గొలుసు, లాఠీ, సంతకం. ఇన్నాళ్ళూ ఈయన చెప్పింది రంగుల గురించి కాదని, ఆ రంగుల్లో దిగిన మనుషుల గురించని అప్పటికి తలకెక్కింది. బాగున్న రంగు ఏదైనా సరే, అందులోంచి ఒక ఆఫీసరు దిగి తీరతాడు ఇక్కడ.

ఇల్లు చేరాక అప్పలకొండే అడిగాడు. "గీకమంటారేటి బాబూ?"

"నిన్ను మళ్ళీ ఏ మొహంతో అడగనురా?"

"అడగొద్దు. రేపు పొద్దున్న దాకా ఇటు రాకండి."

పడవల వాళ్ళకో అలవాటుంది. డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ ఒక్క పీపాలో పోసి, నీళ్ళలో మునిగి ఎవరికీ కనబడని పడవ అడుగుకి పూసేస్తారు. ఆ పీపాలో ఏం తేలుతుందో పూసేవాడికి కూడా తెలీదు. అప్పలకొండ జెట్టీలో ప్రతి పడవ దగ్గరా అడుక్కుని, పీపా నింపి, తెడ్డు కర్రతో తిప్పాడు. బొప్పాయి పండులా మొదలై రొయ్య పొట్టులా ముగిసే రంగొకటి తేలింది. దాన్ని కాఫీ రంగు మీద, చక్రాల దాకా, దయాదాక్షిణ్యం లేకుండా పూశాడు. సన్నకుంచె ముట్టుకోలేదు. చీపురు వాడాడు.

తెల్లవారి జ్ఞానవతి తలుపు తీసి, కెవ్వుమంది. "ఒలమ్మో! కొండా, ఏటిది? దీన్ని చర్చి ముందర మాత్రం ఆపకండి, మీకు పుణ్యముంటుంది!"

జీవరాజు గారు వెనకే వచ్చారు. చూశారు. ముందు పెదవి వణికింది, తర్వాత భుజాలు, ఆపైన మనిషంతా. గోడ పట్టుకుని నవ్వారు. జ్ఞానవతి ఆయన్ని చూసి ఏడుపొకటీ నవ్వొకటీ కలిపేసింది. సీతాలు పోయాక ఆయన నవ్వడం ఆమె చూడలేదు.

మలుపులో జీపు కనబడగానే బస్తీ మళ్ళీ పరుగందుకుంది. కానీ ఒక పిల్ల వెనక్కి తిరిగి చూసి నిలబడిపోయింది. ఇంకొకతె నిలబడింది. చెట్ల వెనక కిసుక్కుమన్నారెవరో. ఆ కిసుకు చెట్టు నుంచి చెట్టుకి పాకి, బస్తీ అంతా కడుపు పట్టుకుంది. ఇంతవరకూ ఏ సర్కారూ ఇలాంటి దాన్నెక్కి వచ్చిన పాపాన పోలేదు.

గురమ్మ మంచం కింద నుంచి తల బయటపెట్టింది. "ఏటి బాబూ ఇది? రొయ్యకి జొరవొచ్చినట్టుంది!"

"నచ్చలేదామ్మా?"

"ఛీ. అసయ్యంగా ఉంది." చెయ్యి అందించింది. "నెమ్మదిగా ఎత్తు. నా సీతాలుంటే పడీ పడీ నవ్వును." జీవరాజు గారూ అప్పలకొండా ఆమెని అరటి గెలని దించినంత జాగ్రత్తగా ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు.

జెట్టీ దాకా దారి పొడుగునా జనం వేళ్ళు పెట్టి చూపించారు. "క్యా చాచా, గాడీ కో క్యా బీమారీ హువా?" అంటూ, బండికేం రోగమొచ్చిందో చెప్పమని ఆటోవాడు అరిచాడు. గురమ్మ ఊరేగింపుకి బయల్దేరినదానిలా తల పైకెత్తి కూర్చుంది. పోర్ట్ బ్లెయిర్ ఫెర్రీ కూత వేసింది. జీవరాజు గారు దిగి, ఆమె వైపు చేతులు చాచారు. "రా అమ్మా, ఆసుపత్రికి టైమవుతోంది."

గురమ్మ కదల్లేదు. సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇంకొక్క సుట్టు తిప్పు బాబూ. ఓడ ఆగుతాదిలే."

అప్పలకొండ ఫెర్రీ నడిపే సారంగుకి చెప్పడానికి పరిగెత్తాడు. జీవరాజు గారు మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నారు.