చాయ్ వద్దన్న చెయ్యి

మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఆ ప్రచారకుని పేరు యాదికి లేదు. ఇరవై ఏండ్లుంటయేమో. తన జతగానితో మా మట్టెవాడ బట్టల దుకాణానికి వచ్చెటోడు. బాపు చాయ్ ఇస్తే గుండె మీద చెయ్యి పెట్టుకొని, "వద్దండి, చాయ్ తాగకూడదని మా మత నియమమండి" అనెటోడు. జేబు మీది పేరుబిళ్ల ఆ చెయ్యి చాటుకే పోయేది.

ఒకనాడు వాళ్లు ఉండంగనే పక్క దుకాణం కాక నలుగురిని ఎంటేసుకొని వచ్చిండు.

"మతం మార్చనీకొచ్చి, మా చాయ్ వద్దంటవా? తాగు!" అని గ్లాసు ఆ పిల్లగాని మూతికాడ పెట్టిండు.

పిల్లగాని చెయ్యి మళ్ల గుండె మీదికే పోయింది.

బాపు లేచిండు. "మొన్న అయ్యప్ప మాల ఏసుకున్నప్పుడు, నియమమని నా చేతి చాయ్ వద్దనలేదా నువ్వు?"

కాక గ్లాసు దించిండు.

"జర మజ్జిగ తెప్పియ్యన్నా," అన్నడు బాపుతోని, "ఈ స్వామికి."