కొర్నేలి సొరకాయ

రుఆబాంధా క్వార్టర్లలో ఉండే కొర్నేలి, ఉక్కు కర్మాగారంలో రిటైరైన దగ్గర్నుంచి, నవంబరు వచ్చిందంటే ఫోన్లో అమెరికావాళ్ల థాంక్స్‌గివింగ్ ప్రసంగం వినకుండా టీ ముట్టడు. దేవుడు, కుటుంబం, కష్టార్జితం ఉంటే చాలు దేశం నిలబడుతుందనీ, పేదవాణ్ణి ఆదుకోవాల్సింది సర్కారు కాదు, పొరుగువాడేననీ ఆ ప్రసంగీకుడు అంటుంటే, ఈయన బల్ల గుద్ది మరీ ఒప్పుకుంటాడు.

ఓ నవంబరు ఆదివారం చర్చిలో కోతపండుగ. విశ్వాసులు తెచ్చిన పంటను ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. కొర్నేలి తన పెరట్లో కాసిన సొరకాయ తెచ్చాడు. అది ఇంకొకరి చేతికి పోతే ఆయనకు నామోషీ. అందుకని ఎప్పట్లాగే అందరికంటే పై పాట పాడి, తన కాయను తానే గెలుచుకున్నాడు.

ఇంటిదారి పొడుగునా భార్య దెబోరాకి అదే ఉపన్యాసం. "సర్కారు అన్నీ ఫ్రీగా ఇచ్చుకుంటా పోతే దేశం ఏటైపోద్ది? పొరుగోళ్లని పొరుగోళ్లే చూసుకోవాల! నా మాట సహీయా, కాదా?"

"సహీయే," అంది దెబోరా. గేటు దగ్గర ఆగి, సంచిలోని సొరకాయ తీసి ఆయన చేతుల్లో పెట్టింది. "పక్కింటి జోగమ్మ జొరమొచ్చి లెగలేకపోతంది. సర్కారు రాకూడదన్నారు గదండీ, మీరే ఎల్లండి."

కొర్నేలి ముఖం ఎర్రబడింది. విసురుగా పక్క గేటు దాకా వెళ్లాడు, చేతిలో కాయ వంక చూసి వెనక్కి వచ్చాడు.

"లెగలేని మనిషికి పచ్చికాయేటి?" అని గొణిగి, వంటింట్లోకి వెళ్లి, పెళ్లయ్యాక మొదటిసారి కత్తిపీట వాల్చాడు.